వదిన చెంబుతో చేసిన బోర్డు

శుక్రవారం. దీపం బొటనవేలంత.

ఈ రాత మా వదిన లసుమవ్వ ఆర్డరు. "నువ్వు నోరు తెరిస్తె ముగ్గురి గాలి ఒక్కనివే మింగుతవ్. చెప్పకుంట ఉండలేనంటవా, రాసుకో ఓదేలూ" అంది. డెబ్బై దాటిన మనిషి నోరు మూయించడానికి ఇంత గట్టి కారణం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అందుకని రాస్తున్నాను.

సంగతేమిటంటే, గనిలో మేముండే పక్క సొరంగం, అదే పక్క గ్యాలరీ, దాని తలుపు మూసుకుపోయింది. మేం లోపల ఉండిపోయాం.

ప్రతి శుక్రవారం గ్యాస్ డ్రిల్లు ఉంటుంది. సైరన్ కూయగానే పక్క గ్యాలరీల వాళ్ళంతా పిల్లాజెల్లాతో పెద్ద గ్యాలరీలోకి పోయి నిలబడాలి. ఉక్కు తలుపులు మూస్తారు, ఒక టీ తాగేంతసేపు ఆగి తెరుస్తారు. ఏనాడైనా నిజంగా గ్యాస్ పొంగితే కాళ్ళకు దారి తెలిసి ఉండాలని. మా గ్యాలరీ వాళ్ళందరూ పోయారు, ముగ్గురం తప్ప.

నేనెందుకు పోలేదంటే, గీకుడు మిషన్ మీద బడి గంటకు పెట్టే కరెంటు బోర్డు సగంలో ఉంది. పాత రోజుల్లో దీన్ని సీఎన్‌సీ అనేవాళ్ళు. ఫ్యాక్టరీల్లో గదంత ఉండేదట. నాది పీటంత. పాత ప్రింటర్ల కడ్డీలు, కుట్టుమిషన్ బెల్టు, పళ్ళ డాక్టరు డ్రిల్లు, అంతే దాని వంశం. రాగిరేకు అంటించిన అట్టమీద డ్రిల్లు గీరుకుంటూ పోతుంది. గీరినచోట రాగి లేచిపోతుంది, మిగిలిన రాగి కరెంటుకు బాట అవుతుంది. సగంలో ఆపామా, మళ్ళీ అదే చోటు పట్టుకోదు. వెంట్రుకవాసి తప్పినా బోర్డు చెత్తకుప్పకే. కాబట్టి సైరన్ కూస్తే నేను మంచె కింద దూరి కూర్చున్నాను.

వదిన పోకపోవడానికి కారణం నువ్వుల నూనె డబ్బా. పోయిన డ్రిల్లులో ఎవరో రెండు గరిటెలు వంచుకున్నారని ఆమె అనుమానం. ఆ అనుమానం ఎవరి మీదో ఇక్కడ రాయను.

మూడో మనిషి ఏసురత్నం, పుట్టగొడుగులు పెంచుతుంది. వాళ్ళ తాతలు గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఈ గనిలో దిగారు. పైనున్న పొలాలు, ఇళ్ళు అన్నీ ఎండకు వదిలేశారు గానీ యాస మాత్రం వదిలి రాలేదు. ఆమె సంచులకు నీళ్ళు చిలకరించే వేళ, సైరన్ వేళ ఒకటే అయ్యాయి.

తలుపు మూసుకుంది. మూసుకున్న కాసేపటికి తలుపు పక్క పెట్టెలోంచి మాడిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు, బోర్డు కాలితేనే వస్తుంది. టీ తాగేంతసేపు అయింది, తలుపు తెరుచుకోలేదు. నేనే తలుపు దగ్గరి ఫోన్ తిప్పాను.

అవతల గాలి ఆఫీసు సూపర్‌వైజరు రాజమొగిలి. నాకు వియ్యంకుడు. నా బిడ్డ వాళ్ళ కోడలు.

"లోపట ఎవలు?"

"నేనే బావా."

ఆయన గొంతు తగ్గింది. "లోపట ఎవ్వలు లేరని నేను మైకుల చెప్పిన గదయ్యా!"

"చెప్పినోనివి నువ్వు, ఉన్నోళ్ళం మేము. తప్పు చెరిసగం పంచుకుందాం."

ఆయన ఆ లెక్కకు ఒప్పుకోలేదు.

దీపం సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో మోకాలెత్తున ఒక గాజుబుడ్డి దీపం వెలుగుతూ ఉంటుంది. చెడుగాలి నీళ్ళలాగా కింద పేరుకుంటుంది, మంట తగ్గితే తెలుస్తుంది. అందుకే ఎవరూ నేలమీద పడుకోరు, మంచెల మీదే పడక. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా పిల్లవాడి మంచె ఎంత ఎత్తని అడుగుతారు. నా పెళ్ళప్పుడు మా మామ నిచ్చెనెక్కి మరీ చూసుకున్నాడు. ఇవాళ దీపం బొటనవేలంత ఉంది. మంచి మంటే. తారీకు వేయడానికి, పొద్దు తెలిపే సైరన్ ఈ తలుపు దాటి మాకు వినపడదు గనక దాన్నే తారీకు చేసుకుంటున్నాను.

శనివారం కావచ్చు. దీపం చిటికెనవేలంత.

పెట్టె విప్పాను. పార్టులన్నీ బతికే ఉన్నాయి. చచ్చింది బోర్డు. నడుమ అరచేతి మందాన అట్ట బొగ్గయింది. బొగ్గు కరెంటుకు దొంగదారి, ఇటు పొమ్మంటే అటు పోతుంది. బోర్డు కొత్తది కావాలి.

రాజమొగిలికి చెప్పాను. గవర్నమెంటు ముద్ర ఉన్న బోర్డు ఉత్తరపు గనుల నుంచి ట్రాలీలో రావాలన్నాడు. ఆ ట్రాలీ వచ్చేదాకా మా దీపం ఆగదు. తలుపు కోయొచ్చు గదా అంటే, బొగ్గు గోడల మధ్య కోత మంట పెడితే పక్క గ్యాలరీ ఒక్కటే కాదు, ఊరే పోతుంది. అది నాకూ తెలుసు. అడిగి చూశాను.

"అయితె నేనే చేస్త బోర్డు."

"ఓదేలు బావా, నువ్వన్నది ఇనపడలే. లైనుల గరగర ఉన్నది."

"బోర్డు నేనే చేస్త అంటున్న!"

"గరగర మస్తున్నది బావా. జెల్ది చెయ్యి."

ఇంట్లో చేసిన బోర్డు గాలి సామాను దగ్గరికి రాకూడదని మా ఊరి పెద్ద రూలు. రేడియోలకు, గంటలకు, దీపాలకు చేసుకోవచ్చు. తలుపుకు, పంకాకు చేస్తే మిషన్ తీసుకుపోతారు. నా మిషన్ మోటారు ఒకసారి తీసుకుపోయింది ఈ రాజమొగిలే, మా బిడ్డ పెళ్ళి ఖాయమైన వారంలో. ఆయన ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు గుర్తే. రూలు తప్పు అనుకునే ముఖం కాదు. రూలు తనను కూడా పట్టుకుని కూర్చుందని తెలిసిన ముఖం.

మోటారు తీగలకు నేరుగా బ్యాటరీ ఆనిస్తే తలుపు తెరుచుకోదా అని ఏసురత్నం అడిగింది. మంచి ప్రశ్న. గొళ్ళెం నడిపే మోటారు గోడలో కాంక్రీటు వెనక ఉంది. దాని తిండి ఆఫీసు నుంచి, ఆర్డరుతో పాటే వస్తుంది. నా మిషన్ బ్యాటరీ దాని ముందు ఏనుగుకు మరమరాలు వేసినట్టే. ఆర్డరు తీసుకుని మోటారుకు అందించేది ఆ బోర్డు ఒక్కటే. దాని అంచు గాడిలో దూరి కూర్చుంటుంది. అంచు మీద మూడు రాగి పట్టీలు. నడిమి పట్టీ మీదుగా ఆర్డరూ కరెంటూ వస్తాయి. రెండు చివరి పట్టీలు మోటారువి. ఒక చివర నుంచి కరెంటు పోతే గొళ్ళెం మూసుకుంటుంది, రెండో చివర నుంచి పోతే తెరుచుకుంటుంది.

అంత కరెంటుకు మందపాటి రాగి కావాలి. నా దగ్గరున్న రాగి అట్ట ఉల్లిపొరంత, అదీ బడి గంటకు సగం గీకింది. ఇంట్లో మందపాటి రాగి రెండే చోట్ల ఉంది. ఒకటి వదిన చెంబు. రెండోది ఆమె మంచె నెత్తిన ఉన్న బిందె.

"వదినా."

"నువ్వు గట్ల మెల్లగ పిలిస్తె నాకు భయమైతది. ఏం గావాలె?"

"చెంబు."

ఆ చెంబు వాళ్ళత్త ఇచ్చింది. అంటే మా అమ్మ. వదిన అందులో తప్ప నీళ్ళు తాగదు, ఎవరింటికి పోయినా చంకలో చెంబు. ఒకసారి రేషన్ లైనులో ఎవరో దాన్ని ముట్టుకుంటే మధ్యాహ్నం దాకా తోమింది. ఆమె చెంబు వంక చూసింది, దీపం వంక చూసింది.

"దీస్కపో. బిందె దిక్కు గిట్ల చూసినవంటె మాత్రం గాలి అక్కెర లేదు, నేనే చంపుత."

చెంబు కోసి, సుత్తితో సాపు చేసి, బల్ల నుంచి ఊడదీసిన గట్టి అట్ట మీద అంటించాను. మొదటి దెబ్బ పడ్డప్పుడు వదిన అటు తిరిగి కూర్చుంది. నాకు ఆ చెంబుతో స్నానం చేయించిన అమ్మ గుర్తొచ్చింది. సుత్తి ఆపలేదు.

ఇక బొమ్మ దింపడం. కాలిన బోర్డు రాగి ముఖం మీద కాయితం పరిచి బొగ్గుతో రుద్దాను. పిల్లలు రూపాయి బిళ్ళ మీద చేసినట్టు. రాగి బాటలన్నీ నల్లగా తేలాయి. ఆ బొమ్మను నా పగిలిన జేబు ఫోన్లోకి ఎక్కించి, అలవాటు ప్రకారం కుడి ఎడమలు తిప్పి, మిషన్‌కు అడుగులు చెప్పాను. ఇటు ఇన్ని, అటు ఇన్ని, కిందికి ఇంత. ఇన్నేళ్ళలో ఆ తిప్పడం ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నాకు చదువు చెప్పింది పాడైన రేడియోలు. అవి ఒకసారి కొట్టిన షాకు మరిచిపోనివ్వవు.

ఆదివారమో ఏమో. దీపం గోరంత.

మిషన్‌ను పై మంచెకు ఎక్కించాం. ముగ్గురం అక్కడే. కింద గాలి బరువెక్కింది. దిగి నీళ్ళు తెచ్చేసరికి ఏసురత్నానికి మెట్టు మెట్టుకూ ఆయాసం.

చెంబు ఎంత సాపు చేసినా చెంబే. బొజ్జ గుర్తు పోలేదు, రేకు ఒకచోట ఉబ్బు, ఒకచోట పల్లం. డ్రిల్లు ఒకే లోతున పోతే ఉబ్బులో కూరుకుపోతుంది, పల్లంలో గాలిని గీకుతుంది. దీనికి నా పద్ధతి ఒకటుంది. బ్యాటరీ తీగ ఒకటి రాగికి, ఒకటి డ్రిల్లు మొనకుండే బిట్టుకు, మధ్యలో బుడ్డ లైటు. బిట్టును కొంచెం కొంచెం దించుతాను, రాగిని తాకగానే లైటు వెలుగుతుంది. ఆ ఎత్తు రాసుకుని పక్క చోటికి. రేకంతా ఇలా తడిమి చూసి, ఎక్కడ ఎంత దిగాలో మిషన్‌కు చెప్పాలి. గుడ్డివాడు ముఖం తడిమి మనిషిని గుర్తుపట్టినట్టు. ఓపిక పని. ఓపిక నా దగ్గర ఉంది, ఊపిరే వదిన లెక్కపెడుతోంది.

బిట్లు కూడా పళ్ళ డాక్టరువే. ఆయన పేరు సుదర్శన్. తన పళ్ళు ఒక్కటీ లేవు. నా దవడ పన్ను పీకి, డబ్బుల బదులు రేడియో బాగు చేయించుకునేవాడు. రేడియోలో అప్పటికే ఏ స్టేషనూ లేదు. ఆ గరగర వింటే పైన ఇంకా ఏదో ఉన్నట్టు ఉంటుందనేవాడు. పోతూ పోతూ డ్రిల్లు నాకిచ్చాడు.

గీకితే దుమ్ము లేస్తుంది. మూసిన చోట ఆ దుమ్ము పీలిస్తే గాలి చాలకముందే ఊపిరితిత్తులు చాలిస్తాయి. దుమ్ము లేవకుండా రేకును నూనెలో ముంచి గీకాలి. వదిన ముఖం చూశాను.

"అదిగూడనా?" అంది.

"అదిగూడనే."

"పోయిన డ్రిల్లుల రెండు గంటెలు, ఇయ్యాల డబ్బ మొత్తం. నీకు మెల్లమెల్లగ అలవాటైంది." నూనె వంచుతూ డబ్బా అడుగు వేలితో ఊడ్చి, ఆ వేలు తలకు రాసుకుంది.

మిషన్ నూనెలో గుర్రుగుర్రుమంటూ పని చేస్తుంటే అసలు గొడవ మొదలైంది. వదిన ఏసురత్నం సంచుల వంక వేలు చూపింది.

"బిడ్డా, నీ కుక్కగొడుగులు గూడ గాలి పీలుస్తయ్ గదా?"

"పుట్టగొడుగులు పెద్దమ్మా."

"పేరేదైతేంది, ముక్కున్నదా లేదా?"

ఏసురత్నం సంచుల వంక చూసింది. ఆమెకు అందరికంటే బాగా తెలుసు. గోడ పొడవునా వేలాడే సంచులు, ఒక్కొక్కటీ ఒక చిన్న మనిషి. మన గాలే పీల్చి మన చెడుగాలే వదులుతాయి. నోళ్ళు బిగించి కడితే ఊపిరాడక చస్తాయి. ఊరి మొత్తానికి విత్తు అక్కడి నుంచే పోతుంది. మళ్ళీ మొలకెత్తించాలంటే ఎంత కాలమో.

"నేనే కడతాను బాబాయ్. మీరెవరూ ముట్టుకోవద్దు" అంది చివరికి. కొంగు ముక్కుకు చుట్టుకుని దిగింది. ఒక్కొక్క సంచి మూతి మెలిపెట్టి, గట్టిగా కట్టి, చేత్తో తట్టి వదిలింది. ఒక్కటి మాత్రం కట్టకుండా తెచ్చి తన దిండు పక్కన పెట్టుకుంది. "ఇదొక్కటీ నా వంతులో పీల్చుకుంటది. నేను తక్కువ పీలుస్తాలే." వదిన ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడడం ఇదే.

అప్పుడే కింద తలుపు దగ్గర ఫోన్ మోగింది. దిగి తీశాను. రాజమొగిలి.

"బావా, ఎంతవరకొచ్చింది?"

"సగం దాటింది. రేపటికల్లా బోర్డు గాడిల పెడత, నువ్వు తెరువు."

"ముల్లు ఎర్రట్లకు పోయింది బావా."

తలుపు మీద గాజు వెనక ఒక ముల్లు ఉంటుంది, లోపలి గాలిని చూపిస్తుంది. అదే ముల్లు ఆఫీసు గోడ మీద కూడా. పచ్చలో ఉన్నంతసేపే ఆఫీసులో తెరిచే మీట పని చేస్తుంది. ఎరుపులోకి పోతే ఆ మీట దానంతటదే చచ్చిపోతుంది. లోపల గ్యాస్ ఉందని, ఊరిని కాపాడాలని. మూసే మీట ఒక్కటే బతికి ఉంటుంది. అర్థమైందా? గాలి బాగుపడితే తలుపు తెరుస్తారు. తలుపు తెరిస్తే గానీ గాలి బాగుపడదు. ఇంత తెలివైన బోనును పులికి కూడా కట్టి ఉండరు.

"మీట ఒత్తి చూసినవా?"

"ఒత్తిన. లేచి నిలబడి ఒత్తిన, కూసోని ఒత్తిన. నీ బిడ్డ గూడ వచ్చి ఒత్తింది. సచ్చింది బావా అది." ఆయన గొంతులో రూలు లేదు. మనిషే ఉన్నాడు. "ముల్లు కొంచెం వెనకకొస్తే సాలు. ఎట్లన్న వస్తదా?"

తిరిగి చూశాను. ఎరుపులో ముల్లు సన్నగా వణుకుతోంది. పనిచేసే ముల్లు ఎప్పుడూ వణుకుతుంది, నిలకడగా ఉండదు. వణుకుతూనే ఇంకొంచెం లోపలికి పోయింది.

"రాదు బావా. పనిచేసే ముల్లు వణుకుతది, ఇది వణుక్కుంటనే ఇంక లోపటికి పోతున్నది" అన్నాను.

అంటే బోర్డు చేసినా ఒకటే, చేయకున్నా ఒకటే. పైకెక్కి, ఈ మాట మిగతా ఇద్దరికీ చెప్పాలా వద్దా అనుకుంటుంటే వదిన, "నీ మొకం చూస్తెనే తెలుస్తున్నది, రాసుడు బంద్ జేసి మిషన్ చూడు" అంది. చూశాను. ఆపడానికి చేతులు రాలేదు. సగంలో ఆపితే మళ్ళీ అదే చోటు దొరకదు గదా.

ఏ వారమో తెలియదు. దీపం వడ్లగింజంత.

తలనొప్పి. అక్షరాలు కొంచెం వంకర పోతాయి, సర్దుకోవాలి.

బోర్డు అయింది. ఆఖరి బాట చివర బిట్టు టక్కుమని విరిగింది. ఇంకో బిట్టు లేదు. నూనెలోంచి తీసి తుడిచాను. చెంబు లోపలి కళాయి మచ్చ ఒక మూల అలాగే ఉంది. బాటలు పదునుగా వచ్చాయి. ఇంత మంచి బోర్డు నేను జన్మలో గీకలేదు. మేకుతో కన్నాలు పొడిచి, పాత బోర్డు పక్కన పెట్టి చూశాను.

తిరగబడి ఉంది.

ఎందుకో చెబుతాను, నా బుద్ధి తక్కువ నాకైనా స్పష్టంగా ఉండాలి. బోర్డుకు రెండు ముఖాలు. ఒక ముఖం మీద పార్టులు కూర్చుంటాయి, వాటి కాళ్ళు కన్నాల్లోంచి అవతలి ముఖానికి వచ్చి రాగి బాటలకు అతుక్కుంటాయి. నేనెప్పుడూ పార్టుల వైపు నుంచి చూసి బొమ్మ గీస్తాను. గీకేది రాగి వైపు గనక, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పి మిషన్‌కు ఇస్తాను. ఈసారి బొమ్మ గీయలేదు. రాగి ముఖం మీదే కాయితం పెట్టి రుద్దాను. అది అప్పటికే సరైన వైపు నుంచి ఉంది. దాన్ని మళ్ళీ తిప్పాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదని గొప్పగా రాసుకున్నానే, ఈ ఒక్కసారి మరిచిపోయి ఉంటే సరిపోయేది.

"ఏమైంది?" అంది వదిన.

"కుడిది ఎడమకు వచ్చింది వదినా."

"మా అత్త చెంబు కోసి, నా నూనె తాగిపిచ్చి, కుడేదో ఎడమేదో చూసుకోలేదా?"

"చూసుకున్న. రెండుసార్లు చూసుకున్న. గదే తప్పయింది."

ఆమె తిట్టలేదు. ఊపిరి దాచుకుంది. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. ఏసురత్నం పక్కకు తిరిగి తన సంచి మీద చెయ్యి వేసుకుని పడుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిద్రపోకు పిల్లా" అని వదిన ఆమె చెవి మెలిపెడుతోంది.

నేను బోర్డు పట్టుకుని కూర్చున్నాను. చొక్కా తిరగేసి కుడితే ఏం చేస్తాం? తిరగేసే తొడుక్కుంటాం. పార్టులను అవతలి ముఖం మీద కాకుండా రాగి ముఖం మీదే కూర్చోబెడితే కాళ్ళన్నీ మళ్ళీ సరైన బాటల్లోకే పోతాయి. అలాగే అతికించాను. సోల్డరు పొగకు ముగ్గురం దగ్గాం. అతికించాక పాత బోర్డుతో పోల్చి చూశాను, లోపల అంతా సరే. ఒక్కటే తేడా. రాగి ముఖం మారింది, గాడి ఒక ముఖాన్నే తాకుతుంది గనక, అందులో పట్టాలంటే బోర్డు తిప్పి దూర్చాలి. తిప్పితే అంచు మీద మూడు పట్టీలూ తారుమారు అవుతాయి.

తారుమారు అంటే?

ఇక్కడ పెన్ను ఆపి చాలాసేపు కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. దీపం ఒకసారి ఆరబోయి నిలబడింది.

నడిమిది తిప్పినా నడుమే ఉంటుంది. ఆర్డరు వస్తుంది, కరెంటు వస్తుంది. మారేది చివరి రెండే. మోటారువి. తెరవమంటే మూస్తుంది.

మూయమంటే?

వదినను లేపాను. చెప్పాను. ఆమెకు సగం అర్థమైంది, ఆ సగమే చాలు. "అయితె ఇంకా రాస్తవేంది, ఫోన్ దగ్గర్కి పో" అంది. ఫోన్ తలుపు దగ్గర ఉంది, నేల మీద, చెడుగాలి అడుగున. ఊపిరి బిగబట్టి దిగాలి. బోర్డు చొక్కాలో పెట్టుకున్నాను. దిగుతున్నాను.

దీపం నిండుగా.

ఏ రోజో ఇప్పుడు తెలుసు గానీ అలవాటైపోయింది, దీపమే తారీకు.

బోర్డు గాడిలో దిగలేదు. చెంబు రేకు మందం ఎక్కువ. మడమతో తన్నాను, దిగింది. ఫోన్ తీశాను. మాట్లాడడానికి నాకు ఒక్క ఊపిరే ఉంది. జీవితంలో మొదటిసారి ముందుమాట లేకుండా మాట్లాడాను.

"మూసెయ్ బావా."

"ఏందీ?"

"మూసే మీట ఒత్తు."

"మూసే ఉన్నది గదయ్యా! బావా, నీకు గాలి తలకెక్కిందా? ఓదేలు బావా!"

పెదవులు ఫోనుకు ఆనించాను. "నువ్వు నా మోటారు పట్టుకపోయిననాడు నేనేమన్న అన్ననా? ఇయ్యాల అంటున్న. ఒత్తు."

ఆయన తర్వాత చెప్పాడు, ఆ మీట మీద చెయ్యి పెట్టడానికి ఎంత భయపడ్డాడో. లోపలి మనిషి పిచ్చెక్కి అడుగుతున్నాడు, తను ఒత్తి ఆ మనిషి పోతే కోడలికి ముఖం ఎలా చూపించాలి? కోడలు పక్కనే ఉంది. "మా నాయిన ఎన్ని పిచ్చి మాటలన్న చెప్తడు మామా. బోర్డు సంగతిల మాత్రం చెప్పడు" అందట. ఒత్తాడు.

గోడలో మోటారు మూలిగింది. గొళ్ళెం కిర్రుమంది. కదలాల్సిన వైపు కాకుండా, మాకు కావాల్సిన వైపు కదిలింది. ఆ తర్వాత నాకు నేల చల్లగా తగలడం, ఎవరో చంకలు పట్టి లాగడం గుర్తు. వదిన తన కాళ్ళ మీదే నడిచి వచ్చిందట, చంకలో బిందె. ఏసురత్నాన్ని మోసుకొచ్చారు. ఆమె చేతిలోంచి సంచి తీయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. అందులోంచి తెల్లగా రెండు పుట్టగొడుగు టోపీలు తలెత్తాయి.

రాజమొగిలిని పెద్దలు నిలదీశారు. ఎరుపులో తలుపు ఎలా తెరిచావని. "నేను తెరువలే. మూసిన. అందరు చూసిన్రు" అన్నాడు. పంచాయితీలో ఆ మాట మీద రెండుసార్లు టీ తెప్పించారు. ముద్ర బోర్డు వచ్చింది. దాన్ని గాడిలో పెట్టి నా బోర్డు నాకిచ్చారు. వదినకు ఇచ్చాను. ఆమె దాన్ని తోమి, పచ్చడి జాడీ మీద మూతగా పెట్టింది. నీళ్ళు మాత్రం ఇప్పుడు దోసిట్లో తాగుతుంది. వేరే చెంబు కొనిస్తానంటే వినదు.

బయటపడ్డాం అని అందరూ అంటున్నారు. నేనూ అంటున్నాను. పక్క గ్యాలరీలోంచి పెద్ద గ్యాలరీలోకి బయటపడ్డాం. పెద్ద గ్యాలరీ చివర పైకి ఎక్కే వాలు దారి, ఇంక్లైన్, ఇంక్లైన్ పైన పై తలుపు. మా తాతలు దిగి మూసుకున్న తలుపు. దాని పక్కన కూడా ఒక గాజు, ఒక ముల్లు. పైన గాలి బాగుపడితే తెరుస్తారు. ముల్లు ఎరుపులోనే ఉంది, తెరిచే మీట చచ్చే ఉంది. నా చిన్నప్పుడు కూడా అంతే. రాజమొగిలి బల్ల ఆ గాజు కిందే.

నిన్న ఆయన మా ఇంటికి వచ్చాడు. వియ్యంకుడు వచ్చాడని వదిన పుట్టగొడుగుల కూర వండింది. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. మాటల్లో మాటగా గీకుడు మిషన్ దగ్గరికి పోయి, కడ్డీ మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"బిట్లు ఉన్నయా?"

"సుదర్శన్ డాక్టరు మనుమని దగ్గర ఉండొచ్చు. ఎందుకు?"

ఆయన వదిన వినకుండా నా పక్కకు జరిగాడు.

"పై తలుపు ముల్లున్నది గదా బావా. వారం వారం నేనే తుడుస్త ఆ గాజు. నువ్వు చెప్పినవ్ గదా, పనిచేసే ముల్లు వణుకుతదని." ఇంకా దగ్గరికి వంగాడు. "అది నేను చూడంగ ఒక్కపారి గూడ వణుకలే."

ఇద్దరం కూర్చుని దీపం వంక చూశాం. బొటనవేలంత మంట.

"అక్కడ గూడ గిదే బోర్డు, కాకపోతె పెద్దది. మూసే మీట బతికే ఉన్నది" అన్నాడు రాజమొగిలి. ఆ తర్వాత తల ఎత్తి, వదిన మంచె నెత్తిన ఉన్న బిందె వంక చూశాడు.

వదిన కూర గిన్నె కింద పెట్టి, బిందె దగ్గరికి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది.